గడియారపు పట్టీ - ముంజేతి కొలత

చేతిగడియారమును గూర్చి మాటలాడునప్పుడు మనము దాని యంత్రమును పొగడుదుము. ముళ్ళను, అద్దమును, పైమెరుగును పొగడుదుము. దానిని చేతిపై నిలిపి ఉంచెడి పట్టీ మాట సామాన్యముగా ఎవరికిని తోచదు. కొంచెము ఆలోచించి చూచినచో, జేబుగడియారమునకును తొలినాటి చేతిగడియారమునకును యంత్రములో ఏమంత భేదము లేదు. భేదమంతయు పట్టీలోనే ఉన్నది. పట్టీ తగిలించినందువలననే అది చేతిగడియారమైనది. ఆ పట్టీ చేతికి సరిపోకున్నచో, గడియారమెంత ఖరీదుదైనను, అద్దము క్రిందికిని బకిలు పైకిని తిరిగిపోవును. గంట ఎంతయినదో చూడవలసినప్పుడెల్ల రెండవచేతితో దానిని యథాస్థానమునకు త్రిప్పుకొనవలసివచ్చును.

ఈ సరిపోవుట అను విషయమునకును ఒక చరిత్ర కలదు. అది చిన్న చరిత్రయే. అయినను దానిలో రాణులున్నారు, సైనికులున్నారు, ఒక ఈతగత్తె ఉన్నది, జపాను దేశపు ఇంజనీరు ఒకడున్నాడు. చిట్టచివర, నల్లని రెసిను పట్టీని ముందు పెట్టుకొని, దీనిని కోయుదమా మానుదమా అని సందేహించుచు మనయింటిలో మనమే కూర్చుండి ఉన్నాము.

మొదట రాణుల సంగతి. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్తునకు రాబర్ట్ డడ్లీ ప్రభువు 1570వ దశకపు ఆరంభమున నూతనసంవత్సరపు కానుకగా ఇచ్చిన చేతికంకణములో ఒక చిన్న గడియారము అమర్చబడి ఉండెను. అంతకంటె మాకు వింతగా తోచునది నేపుల్సు రాణి కరోలీన్ మ్యూరా గడియారము. పారిసు నగరమందలి అబ్రహాం లూయీ బ్రెగె దానిపని 1810లో చేపట్టి 1812లో పూర్తిచేసెను. దాని పట్టీ తోలు కాదు, లోహము కాదు. వెండ్రుకలను బంగారు తీగెతో పెనవైచి అల్లినది. ఆ గడియారము నేడు ఎచ్చటనున్నదో ఎవరికిని తెలియదు. బ్రెగె కార్యశాల లెక్కల పుస్తకములలోని వివరము మాత్రము మిగిలినది. ఇట్టి పట్టీకి చిల్లులు, బకిలు, పెద్ద చిన్న కొలతలు అను ప్రశ్నయే లేదు. అది ఒక్క చేతి కొరకు అల్లినది.

ఆనాడు చేతిగడియారమనగా స్త్రీల ఆభరణము. పురుషుని గడియారము జేబులోనిది. దానికి గొలుసుండెడిది, గొలుసునకు కొలత అక్కరలేదు. మన గాంధీమహాత్ముని గడియారము సయితము నడుమున వ్రేలాడినదే కాని ముంజేతి కెక్కినది కాదు. పురుషుడు చేతికి గడియారము కట్టుకొనుట చాలకాలము నవ్వులాటగానే ఉండెను. ఆ నవ్వును మాన్పినది యుద్ధము. 1899 మొదలు 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున బ్రిటిషు సైనికులు కొందరు తమ జేబుగడియారములను తోలుతో కుట్టిన చిన్న గిన్నెవంటి ఒరలో ఇమిడ్చి ముంజేతికి బిగించుకొన్నారు. ఒకచేత కళ్ళెము, మరియొకచేత తుపాకి ఉన్నవాడు జేబు తడుముకొనుచు కూర్చుండలేడు గదా. విమానము నడుపుచు జేబులో చేయిపెట్టుటయు అంతే కష్టము. బ్రెజిలు దేశపు వైమానికుడు సాంతోస్ దుమోంత్ కొరకు పారిసులోని కార్తియే 1904లో చేతిగడియారము చేసి యిచ్చుటకు కారణమిదియే.

1914లో మొదలైన మహాయుద్ధమున కందకములలో నిలిచిన సైనికులకు చేతిగడియారము పనిముట్టైనది. చిన్న జేబుగడియారపు డొక్కకు రెండు ప్రక్కల వంచిన లోహపు తీగెలను అతికి, వానిగుండ తోలుపట్టీని దూర్చినారు. బకిలు క్రొత్తది కాదు. గుఱ్ఱపు సామానులో అది ఏనాటినుండియో ఉన్నది. మా అభిప్రాయములో ఈ కథలో అసలు గొప్ప మలుపు ఇదియే. రాణి కంకణము ఒక్క చేతికే పనికివచ్చును. బకిలును వరుసచిల్లులును ఉన్న తోలుపట్టీ ఎవరి చేతికైనను వచ్చును. రాకున్నచో ఒక ఆరె సంపాదించి మరియొక చిల్లు పొడుచుకొన్న చాలును. చెట్టుక్రింద కూర్చుండి చెప్పులు కుట్టువాని యొద్దకు వెళ్ళి, చేయి చాచి, “ఇచ్చట ఒక చిల్లు పొడువుము” అని అడిగి, పొడిపించుకొని వచ్చిన తరములు మన దేశమున ఎన్నియో ఉన్నవి. తోలునకు ఆ సుగుణమున్నది. అది తన్ను ధరించినవాని మాట వినును.

కాని అది చెమట మాట కూడ వినును. వేసవిలో మన కోస్తా జిల్లాల ఉక్కబోతను ఎరిగినవారికి దీనిని వివరింప నక్కరలేదు. ఒక్క ఎండకాలము గడచునప్పటికి పట్టీ లోపలివైపు నల్లబడును, వాసనపట్టును, బకిలు వంగుచోట పగుళ్ళు వచ్చును. తోలునకు నీరు గిట్టదు. 1926లో రోలెక్సు వారు నీరు చొరని డొక్క గల గడియారమును వెలువరించినారు. మరుసటి సంవత్సరము అక్టోబరు 21వ తేదీన మెర్సిడీస్ గ్లైట్సి అను ఆంగ్లవనిత ఆ గడియారముతో ఇంగ్లీషు కాలువలో గంటలకొలది ఈదినది. చలికి తాళలేక ఆమె ఆవలి ఒడ్డు చేరకముందే పడవలోనికి తీసికొనవలసివచ్చెను గాని, గడియారము చక్కగా నడచుచుండెను. రోలెక్సు వారు దీనిని పత్రికలలో బహుగా చాటుకొన్నారు. ఇచ్చట మేము గమనింపదలచినది వేరు. ఆమె ఆ గడియారమును ముంజేతికి కట్టుకొనలేదు, మెడలో వ్రేలాడవేసికొన్నది. కారణమేదైనను, డొక్క నీటిని జయించిన ఆనాటికి తోలుపట్టీ ఇంకను జయింపలేదన్నది నిజము.

లోహపు పట్టీలు చెమటకు జంకవు. అయితే వానికొక దొరతనమున్నది. వానిని పొడుగు చేయవలెనన్నను పొట్టి చేయవలెనన్నను గడియారములు బాగుచేయువాని దుకాణమునకు పోవలెను. అతడు కంటికి భూతద్దము తగిలించుకొని, సన్నని సూదివంటి పనిముట్టుతో రెండు కణుపులు ఊడదీసి, వానిని కాగితములో పొట్లముకట్టి మన కిచ్చును. ఆ పొట్లము ఇంటిలో ఏదో సొరుగులో పడి మరల కనబడదు. ఈ బాధ తప్పించుటకు సాగెడి స్ప్రింగు గొలుసులు వచ్చినవి. అమెరికాలో స్పైడెల్ సంస్థ 1959లో వెలువరించిన మెలితిరుగు గొలుసు ప్రసిద్ధికెక్కినది. బకిలు లేదు, చిల్లులు లేవు; సాగదీసి చేయి దూర్చుటయే. ముంజేతి రోమములను అది ఎట్లు పీకునో ధరించినవారికి తెలియును. లోహపు గొలుసుతో మావంటివారికి మరియొక చిక్కు కూడ కలదు. మైక్రోఫోను ముందు కాగితము త్రిప్పునప్పుడు గొలుసు బల్లకు తగిలినచో ఆ టకటక శ్రోతల ఇండ్లలో చక్కగా వినబడును. ఆ కారణమున స్టూడియోలో గడియారము విప్పి ప్రక్కన పెట్టుకొనువారు మాలో కొందరున్నారు.

మన దేశమున చేతిగడియారము సామాన్యుని అందుబాటునకు వచ్చిన చరిత్రను ఇచ్చట విస్తరింపము. జపాను సిటిజెన్ సంస్థ సహకారముతో 1961లో బెంగుళూరున హెచ్.ఎం.టి. గడియారములు ఆరంభమైనవి. 1980వ దశకమున మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ సీకో సహకారముతో గడియారములు చేసినది. అవి ఎందరి ఇండ్లలో పెండ్లికానుకలైనవో, ఎందరి మొదటి జీతముతో కొనబడినవో మన పెద్దలెరుగుదురు. హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించినది. ఆ గడియారములు మాత్రము తండ్రి చేతినుండి కుమార్తె చేతికి, తాత చేతినుండి మనుమని చేతికి వచ్చి ఇంకను నడచుచున్నవి. అట్లు చేతులు మారిన ప్రతిసారియు పట్టీ ప్రశ్న మరల తలయెత్తును. తండ్రి చేతికి బిగువుగానున్నది కుమార్తె చేతికి గాజువలె జారును.

ఇక మన ప్రస్తుత విషయమైన రెసిను. నిఘంటువు చూచినచో ఈ మాటకు గుగ్గిలమువంటి చెట్టుబంక అని అర్థము. గడియారపు పట్టీలో చెట్టుబంక ఏమియు లేదు. వర్తకులు రెసిను అని పిలుచునది చాలవరకు పాలీయూరిథేను అను కృత్రిమపదార్థము. జర్మనీలో ఆటో బాయర్ అను రసాయనవేత్తయు ఆయన తోటివారును 1937లో దీనిని కనుగొన్నారు. ఇది రబ్బరువలె వంగును, తోలువలె తడియదు, లోహమువలె బరువుండదు. వేడిచే కరగించి అచ్చులోనికి ఒత్తిడితో పంపినచో చల్లారునప్పటికి పట్టీయంతయు ఏకఖండముగా, చిల్లులతోను గీతలతోను అక్షరములతోను సహా తయారై వచ్చును. కుట్టుపని లేదు, మడత లేదు.

ఈ పదార్థమునకు గౌరవము తెచ్చినవాడు కికువో ఇబె అను జపాను ఇంజనీరు. తండ్రి యిచ్చిన గడియారము చేజారి పగిలిపోగా, పడినను పగులని గడియారము చేయవలెనని ఆయన పట్టుపట్టినాడు. పది మీటర్ల ఎత్తునుండి పడినను ఓర్చుకొనవలెను, పది బారుల నీటియొత్తిడికి నిలువవలెను, బ్యాటరీ పదేండ్లు నడువవలెను. ఇది ఆయన పెట్టుకొన్న గురి. మేడమీది కిటికీనుండి నమూనాలను ఒకదాని తరువాత ఒకటి క్రిందికి విడిచి పరీక్షించినాడట. కాసియో సంస్థ 1983 ఏప్రిలులో ఆ గడియారమును వెలువరించెను. దానిలో పట్టీ కేవలము కట్టుకొనుటకు పెట్టినది కాదు. డొక్కనుండి ఒక కోణములో క్రిందికి వంగి బిరుసుగా నిలుచును గనుక, గడియారము నేలబడినప్పుడు వెనుకభాగమునకు సూటిగా దెబ్బ తగులకుండ పట్టీయే ముందుగా ఆ తాకిడిని పుచ్చుకొనును. 1989లో అదే సంస్థనుండి వచ్చిన ఎఫ్-91డబ్ల్యు అను చౌక గడియారము రెసిను పట్టీని ప్రపంచమందలి వీధివీధికి చేర్చినది.

చౌకయైనది, నీటికి చెడదు, చెమటకు జంకదు. మరి లోపమేమి? లోపము అచ్చులోనే ఉన్నది.

గాజుల దుకాణమునకు వెళ్ళినవారిని వర్తకుడు మొదట అడుగునది కొలత. రెండుంబావా, రెండున్నరయా అని అడుగును. చేయి చూచినంతనే చెప్పగలవారును ఉందురు. ఎన్నో తరములనుండి మన గాజులవాండ్రు పాటించు ఈ మర్యాద రెసిను పట్టీకి లేదు. అచ్చు ఒక్కటి, అది పెద్దచేతిని దృష్టిలో ఉంచుకొని చేసినది. ఏలయన పొట్టిపట్టీ లావుచేతికి ఏ విధముగను రాదు, పొడుగుపట్టీ సన్నచేతికి ఏదో విధముగ వచ్చునని చేయువాని లెక్క. ఆ లెక్కలో నష్టపోవువారు పలుచని ముంజేతులవారు: స్త్రీలు, పిల్లలు, జబ్బుపడి లేచినవారు, వయసుతో కండ కరగిన పెద్దలు. చిట్టచివరి చిల్లున బిగించినను గడియారము మోచేతివైపునకు జారును. మిగిలిన తోక పట్టీ వలయమును దాటివచ్చి చొక్కాచేతికి తగులుకొనును. ఈ కాలపు గడియారములు కొన్ని చర్మముపై వెలుగు ప్రసరింపజేసి నాడిని లెక్కించుచున్నవి. అట్టివి వదులుగా ఉన్నచో లెక్క తప్పును. పెద్దల ఆరోగ్యము కొరకు కొన్న గడియారము విషయములో ఇది అందచందముల మాట కాదు.

అచ్చు చేయని పనిని ఇక మనమే చేయవలెను. తోలుపట్టీకి చిల్లు పొడిపించుకొన్న తాతలకు ఇది క్రొత్త సంగతి కాదు. పదార్థము మాత్రమే మారినది. పదార్థము మారినందున పద్ధతియు మారవలెను.

మొట్టమొదట తెలిసికొనవలసినది, చిక్కు వదులుతనమా, తోక పొడవా అన్నది. ఇవి రెండు వేరు రోగములు. తోకను ఎంత కోసినను వదులు తగ్గదు. ఈ చిన్న సంగతి గమనింపక కత్తెర పట్టి, పొట్టిదైన వదులుపట్టీని తయారుచేసికొన్నవారిని మేము చూచినాము. వదులు తగ్గవలెనన్నచో ఉన్న చిల్లులకు పైన, డొక్కవైపున, క్రొత్త చిల్లు పొడువవలెను. ఎన్ని చిల్లులు కావలెనో చేతిని కొలిచి నిర్ణయించుకొనవలెను. ఆ కొలత ఉదయపుచలిలో కాక, మధ్యాహ్నము దాటిన పిమ్మట తీసికొనుట మంచిది. వేడికి చేయి కొంత ఉబ్బును. బిగించిన పట్టీక్రింద చిటికెనవ్రేలి కొన దూరునంత సందు ఉండవలెను.

పట్టీని డొక్కనుండి విడదీసి పని చేయుట సుఖము. పట్టీ చివర దాగియున్న సన్నని పుల్లలో స్ప్రింగు ఉండును. దానిని సన్నని పనిముట్టుతో నొక్కినప్పుడు ఎగిరిపోవుటకు సిద్ధముగా ఉండును గనుక పైన ఒక గుడ్డ కప్పి విప్పవలెను. నేలపై పడిన ఆ పుల్లను వెదకుట చీమతలకాయను వెదకుటయే.

చిల్లుల నడిమి ఎడము కొలిచి, అదే ఎడమును డొక్కవైపు గుర్తుపెట్టుకొనవలెను. గుర్తు నట్టనడుమ పడవలెను; ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు పోయినను బకిలు వంకరగా నిలుచును. కొన్ని బరువైన గడియారములకు జంటచిల్లులుండును. ఆ రెండును ఒకే అడ్డగీతపై పడవలెను. చిల్లు పొడుచుటకు తోలుపని చేయువారు వాడు గొట్టపుపంచి తగినది. అది గుండ్రని ముక్కను కోసి తీసివేయును. చాకుకొనతో గాటుపెట్టినచో ఆ గాటు మూలనుండి చిరుగు మొదలై నెలలలోనే పట్టీ తెగును. గుండ్రని అంచునకు మూల లేదు, చిరుగునకు దారి దొరకదు. ఇక కొందరు ఎఱ్ఱగా కాల్చిన సూదితో పొడువుమని చెప్పుదురు. ఆ మాట వినవలదు. పాలీయూరిథేను కాలునప్పుడు వెలువడు పొగ ఊపిరితిత్తులకు హానికరము. పైగా కరిగి గడ్డకట్టిన అంచు పెళుసై పగులును.

డొక్కకు మరీ దగ్గరగా పట్టీ మందము హెచ్చును. అచ్చట పొడిచిన చిల్లులోనికి బకిలు ముల్లు పూర్తిగా దిగదు. కావున ఒకటి రెండు చిల్లులకు మించి ఆశపడరాదు. బకిలున్న పొట్టిముక్కనే కోసి, మందములో అడ్డముగా తొలిచి, బకిలును దగ్గరకు తెచ్చెడి పద్ధతియు ఒకటి కలదు. ఓపికగలవారు చేయుదురు. ఇంటివద్ద చేతితో తొలిచినప్పుడు చిల్లు వంకరపోవుట హెచ్చు, మిగిలిన గోడ పలుచనై చీలుట హెచ్చు. మేము దానిని మెచ్చము. అంత సన్నని చేతులకు పొట్టికొలత పట్టీ వేరుగా కొనుటయో, చిల్లులతో పనిలేక అంటుకొనెడి గుడ్డపట్టీని తగిలించుటయో మేలు.

ఇక తోక. దీనిని కోయుట సులభము, మరల అతుకుట అసాధ్యము. కనుక గడియారము కట్టుకొని, వలయమును దాటిన పిమ్మట వ్రేలెడంత తోక ఎచ్చటికి వచ్చునో గుర్తుపెట్టి, దానికంటె ఒక చిల్లు ఎక్కువగానే మిగుల్చుకొనవలెను. ఆ పట్టీ రేపు మరియొకరి చేతి కెక్కవచ్చును. కొస గుండ్రముగా రావలెనన్నచో పట్టీ వెడల్పునకు సరిపడు నాణెమును దానిపై ఉంచి అంచు గీసికొనవచ్చును. కత్తెర కంటె క్రొత్త బ్లేడు మంచిది. పట్టీని చెక్కమీద పరచి, ఒక్క ఊపున కాక, రెండు మూడు సారులు అదే గీతపై లాగవలెను. కత్తెర నొక్కినప్పుడు రెసిను జారి అంచు ఏటవాలుగా వచ్చును. తరువాత మెత్తని గరుకుకాగితముతో అంచు నిమిరినచో చర్మమునకు గీచుకొనదు.

ఈ శ్రమ కంతకును ముందు పట్టీ వయసు చూచుకొనుట అవసరము. పాలీయూరిథేనుకు చెమట భయము లేదని పైన చెప్పినాము. చాలకాలపు తేమ భయము మాత్రము కలదు. గాలిలోని తేమ ఏండ్ల తరబడి దాని అణువుల బంధములను తెంచుచుండును. అట్టి పట్టీ మొదట జిగటబారును, లేదా బిరుసెక్కి చిల్లుల చుట్టు సన్నని పగుళ్ళు చూపును. బీరువాలో ధరింపక దాచిన పట్టీకి సయితము ఈ గతి తప్పదు. చిల్లువద్ద పట్టీని వెనుకకు వంచి చూచినప్పుడు తెల్లని గీతలు కనబడినచో, దానికి పంచి తగిలించుట వ్యర్థము. క్రొత్త పట్టీ కొనవలసినదే.

కోత ముగిసిన పిమ్మట స్ప్రింగుపుల్లను రంధ్రములలో కూర్చుండబెట్టునప్పుడు రెండు కొసలును టక్కుమని చప్పుడు చేయవలెను. ఒక్క కొస చప్పుడు చేసి రెండవది మౌనముగా ఉన్నచో అది పట్టుకొననట్లే లెక్క. ఆ వెంటనే చేతికి కట్టుకొని వీధిలోనికి పోక, పరుపుపైన చేయి చాచి పట్టీని రెండు ప్రక్కలకు గట్టిగా ఒకటి రెండు మారులు లాగి చూడుడు. ఊడిపోవునదైనచో పరుపుమీదనే ఊడును.